ఇచ్చినవాళ్లు కుశలమే

మా తమ్ముడు అమరేందర్ రాసిన వ్యాసాల్లో ఒక్కదాన్ని కూడా నేను చివరిదాకా చదవలేదు. ఇంగ్లీషు రాక కాదు. ఇబ్రహీంపట్నం హైస్కూల్లో తెలుగు చెబుతూ తల నెరిసినదాన్ని, ఏ వాక్యంలోనైనా కర్త ఎక్కడున్నాడో వెతికి పట్టుకోగలను. వాడి వ్యాసాల్లో అసలు మనిషే ఉండడు. "ఎవల గురించి రాసినవ్‌ర ఇది?" అంటే "మనోళ్ల గురించే అక్కా" అంటాడు. మనవాళ్లలో ఒక్కరి పేరు కనబడితే ఒట్టు.

వాడు సిటీలో ఒక పెద్ద దవాఖానలో కిడ్నీలు మార్చే సర్జన్. కోసి కుట్టే చేతులు దేశంలో చాలానే ఉన్నాయట. కుట్టి పంపాక ఆ మనిషి ఏమయ్యాడని ఏళ్ల తరబడి వెంటపడి చూసేవాళ్లు తక్కువట. మావాడు వెంటపడ్డాడు. అదీ కిడ్నీ పుచ్చుకున్నవాళ్ల వెంట కాదు, ఇచ్చినవాళ్ల వెంట. వాడి వ్యాసాలు చాలా అచ్చయ్యాయి గానీ పేరు తెచ్చింది మాత్రం ఒక్కటే. దాని పేరు తెలుగులో చెప్పాలంటే 'ఇచ్చినవాళ్లు కుశలమే' అనొచ్చు.

అప్పటిదాకా ఇలాంటి పరిశోధనలన్నీ కుర్చీల్లో కూర్చుని పనిచేసే దేశాల నుంచి వచ్చినవేనట. ఎండలో పడి కష్టం చేసేవాళ్లు, చాలీచాలని నీళ్లు తాగి నాగలి పట్టేవాళ్లు ఒక్క కిడ్నీతో నెట్టుకురాగలరా లేదా అన్నది ఎవరికీ తెలియదు. ఇబ్రహీంపట్నం, మహేశ్వరం, అబ్దుల్లాపూర్‌మెట్ వైపు పల్లెల్లో తమ్ముడికో కొడుక్కో కిడ్నీ ఇచ్చిన రైతులు, కూలీలు, చేపలు పట్టేవాళ్లు పదేళ్ల తర్వాత కూడా నిక్షేపంగా ఉన్నారని మావాడు రాశాడు. ఆ మాటను ఎక్కడెక్కడి డాక్టర్లో తమ వ్యాసాల్లో ఎత్తి రాశారు.

"ఎత్తి రాసుడంటే ఏందిర?" అని ఒకసారి అడిగాను.

"వాళ్ల పేపర్ కింద నా పేరు వేస్తరక్కా. గీయన చూసి చెప్పిండు, గందుకే మేం నమ్ముతున్నం అని."

"అంటే పెండ్లిల మైకు పెట్టి చదివింపులు చదివినట్టు."

వాడు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఎవరు ఎత్తి రాసినా నాకు ఫోన్ చేసి "అక్కా, ఇంకో చదివింపు వచ్చింది" అనేవాడు. నాకు గర్వం లేదని చెప్పను, బోలెడంత ఉండేది. స్టాఫ్ రూమ్‌లో ఎవరూ అడక్కపోయినా చెప్పేదాన్ని.

గర్వానికి ఇంకో కారణం ఉంది. ఆ వ్యాసంలో లెక్కకెక్కిన మొట్టమొదటి దాత మా పెద్దన్న సైదులు. ఆ కిడ్నీ పుచ్చుకున్నవాడు స్వయానా అమరేందరే. డాక్టరు చదువు చివరి ఏడాదిలో వాడి కిడ్నీలు రెండూ పాడైపోయాయి. అన్నకు అప్పటికే సాగర్ రోడ్డు మీద మోటార్లకు తీగ చుట్టే షాపు ఉండేది. ఎవరూ అడగకముందే "నాది సరిపోతదో చూడుండ్రి" అని డాక్టర్ల ముందు చెయ్యి చాచి నిలబడ్డాడు. అన్నకు పెళ్లయి ఎన్నాళ్లో కాలేదు. లక్ష్మమ్మ వదిన చాలా రోజులు మాతో మాట్లాడలేదు. అందులో ఆమెను తప్పుపట్టడానికేమీ లేదు.

అలా అన్న ఇచ్చిన కిడ్నీతో బతికి, చదువు ముగించి, అదే కిడ్నీతో గంటల తరబడి నిలబడి వేరేవాళ్లకు కిడ్నీలు మార్చేవాడయ్యాడు మా తమ్ముడు. ఇచ్చినవాళ్లు ఏమయ్యారని వాడు వెంటపడింది కూడా అందుకేనని నాకు తెలుసు. ఎప్పుడూ పైకి అనలేదు.

ప్రతి ఏడూ దసరా దాటాక ఒక ఆదివారం ఇబ్రహీంపట్నంలో ఫంక్షన్ హాలు మాట్లాడి, ఇచ్చినవాళ్లనీ పుచ్చుకున్నవాళ్లనీ జంటగా పిలిచేవాడు. పొద్దున పరీక్షలు, మధ్యాహ్నం బగారన్నం, మటన్ కూర. ఊళ్లో దాన్ని 'కిడ్నీ దావత్' అనేవారు. వంటవాళ్ల మీద కేకలు వేసే పని నాది. రక్తం ఇవ్వమంటే మాత్రం దాతలు ససేమిరా అనేవారు. "ఒకటి ఇచ్చినం చాలదా, ఇంక నెత్తురు గుడనా?" అని మొహం మీదే అనేవారు. బతిమాలి బతిమాలి వాడు వదిలేశాడు. బీపీ చూడటం, సీసాలో మూత్రం పట్టడం, కూర్చోబెట్టి కొన్ని ప్రశ్నలు అడగడం, ఇంతే. కాళ్ల వాపులున్నాయా, ఆయాసమొస్తుందా, పని చేసుకోగలుగుతున్నారా. అడుగుతున్నంతసేపూ పుచ్చుకున్న మనిషి పక్కనే చేతిసంచి పట్టుకుని నిలబడేది. ఇచ్చిన మనిషి "మంచిగున్న సారూ" అనేది. అందరూ అదే అనేవారు.

అలా ఏళ్లు గడిచాక ఒక ఏడు మా వైపు భూములకు రెక్కలొచ్చాయి. రింగు రోడ్డు వస్తుందని, అటు ఎయిర్‌పోర్టు తయారవుతోందని జొన్నచేలల్లో రంగు రాళ్లు పాతేశారు. పొలాలు ప్లాట్లయ్యేసరికి బోర్లు మూతపడ్డాయి, అన్న షాపుకొచ్చే మోటార్లు తగ్గిపోయాయి. అదే ఏడు అమరేందర్‌కు పెద్ద కబురొచ్చింది. ఎవరు కిడ్నీ ఇవ్వొచ్చు, ఎవరు ఇవ్వకూడదు అన్న నియమాలను పెద్ద పెద్ద డాక్టర్లు కూర్చుని కొత్తగా రాస్తున్నారట. కష్టజీవుల విషయంలో మావాడి వ్యాసాన్నే ఆధారంగా తీసుకుంటారట. ఈసారి దావత్‌లో దొరికిన ఫలితాలు కూడా కలిపి పంపమన్నారట.

"అక్కా, ఈసారి దావత్ జర మంచిగ చెయ్యాలె" అన్నాడు ఫోన్లో. వాడి గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు.

ఆ సంతోషం అన్న చెవిన వేద్దామని బడి నుంచి నేరుగా షాపుకు వెళ్లాను. షట్టర్ దించి ఉంది. ఇంటికి వెళితే పట్టపగలు మంచం మీద పడుకుని ఉన్నాడు. మా అన్న పగలు నడుం వాల్చగా నేను చూసి ఎరగను. నన్ను చూసి గబుక్కున లేచి కూర్చుని కాళ్లు దుప్పటి కిందికి లాక్కున్నాడు. ఉక్కపోతలో దుప్పటేమిటని గుంజాను. పాదాలు ఉబ్బి నున్నగా మెరుస్తున్నాయి. వేలు పెట్టి నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది.

"ఏందన్నా ఇది?"

"నిలబడి నిలబడి వచ్చింది. తగ్గుతది తియ్. చాయ్ తాగుతవా?"

"ఎన్నటి సంది ఉన్నది?"

"మంచిగున్న అంటున్న గద."

వంటింటి గడపలో నిలబడ్డ వదిన ఒక్కసారిగా బద్దలైంది. "ఏం మంచిగ? ఆపు ఇగ. ఆ దావత్‌ల ఎన్నడన్న నీ సీస నువ్వు నింపినవా? నాతోని నింపిచ్చి, నీదే అని ఇస్తివి. ఇన్నేండ్లు నోరు మూసుకున్న, నీ చెల్లెకు చెప్తే ఏమైతది?"

ఆపైన ఆమె ఏడుస్తూ, ముక్కు చీదుకుంటూ మొత్తం చెప్పింది. చాలా ఏళ్లుగా, ఆ వ్యాసం అచ్చవ్వకముందు నుంచే, అన్నకు మూత్రంలో నురగ వస్తోంది, బీపీ ఎక్కువైంది. ఎవరూ గుర్తుపట్టరని అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి పోయి మాత్రలు తెచ్చుకుంటున్నాడు. దావత్ రోజు పొద్దునే మాత్ర వేసుకుంటాడు కాబట్టి బీపీ బాగానే చూపిస్తుంది. సీసాలో పోసేది వదిన మూత్రం. ఉన్న ఒక్క కిడ్నీ సగానికి పైగా దెబ్బతిన్నదని, వెంటనే సిటీకి పోయి వైద్యం మొదలుపెడితే కొన్నేళ్లు కాపాడొచ్చని, ఆలస్యం చేస్తే చేతులు దాటిపోతుందని ఆ డాక్టరు మొన్ననే చెప్పాడట.

నా నోటి సంగతి ఊరందరికీ తెలుసు. ఆ రోజు అన్నను ఎన్ని మాటలన్నానో నాకే తెలియదు. ఇంట్లో సర్జన్‌ను పెట్టుకుని ఎవడో మాత్రల డాక్టరు దగ్గరికి దొంగలా పోతావా అన్నాను. ఆయన తల వంచుకుని అంతా విన్నాడు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు నెమ్మదిగా అన్నాడు.

"నాకు బాగలేదంటే వానికి ఉసురు తగుల్తది, శ్యామలా."

మా వైపు ఉసురు అంటే చిన్న మాట కాదు. ఇచ్చినవాడు ఇచ్చిన తర్వాత బాధపడితే ఆ బాధ పుచ్చుకున్నవాడికి చుట్టుకుంటుంది. పాడి బర్రెనిచ్చినా, గుంట జాగానిచ్చినా, ఇచ్చినవాడు పుచ్చుకున్నవాడి ఎదుట నిట్టూర్పు కూడా విడవకూడదు. ఇక ఇచ్చింది తన ఒంట్లోని ముక్కే అయితే చెప్పేదేముంది. వాళ్ల కడుపులో ఉన్నది మనదే గదా, మన బాధ దానికి తెలియదా అంటారు.

"ఉసురు లేదు, ఏం లేదు" అన్నాను. "రేపే తమ్మునికి చెప్త."

"వద్దు. వాని పేపర్ల నేనే మొదటోన్ని. నేనే మంచిగ లేనంటే వాడు ఏమని రాస్తడు? దావత్ కానియ్యి, వాడు పంపిచ్చుకోని. ఆయెనుక నేనే పోయి చూపిచ్చుకుంట."

"అప్పటిదాంక నువ్వుండాలె గద. నీ దినాలకు నాతోని వండిపిస్తవా?"

ఆ మాటకు వదిన చెవులు మూసుకుంది. అనకూడని మాటే. భయంతో వచ్చింది.

మర్నాడు బడికి సెలవు పెట్టి బస్సెక్కాను. దవాఖానలో అమరేందర్ గదికి వెళ్లి తలుపు దగ్గరే నిలబడి చెప్పేశాను. కూర్చుంటే నీళ్లు నములుతానని నాకు తెలుసు. వాడు ముందు నమ్మలేదు. కంప్యూటర్ తెరిచి అంకెలు చూపించాడు.

"అన్న రిపోర్టులు అన్ని మంచిగున్నయక్కా. ఇగో చూడు, ప్రతి ఏడు."

"అవి వదినవిర."

 వాడి చెయ్యి దానంతటదే పొత్తికడుపు కుడివైపుకు పోయింది. అన్న కిడ్నీ ఉన్నది అక్కడే. లేచి కారు తాళాలు తీసుకున్నాడు. తలుపు దాకా వచ్చి ఆగాడు.

"అక్కా, అన్న ఒక్కడేనా?"

"నాకేం తెలుసు? ఉసురు భయం అందరికి ఉంటది."

"నాకు ఎవ్వలు చెప్పలే."

"తీసుకున్నోనికి ఎవలు చెప్తర్ర?"

వాడు గోడకు చేయి ఆనించి నిలబడ్డాడు. ఇన్నేళ్ల పరిశోధన, ఇన్ని దేశాలు, ఇంత పేరు. అదంతా ఆ ఒక్క క్షణంలో వాడి మొహం మీద నుంచి దిగిపోవడం చూశాను. 

సాయంత్రానికి ఇద్దరం సాగర్ రోడ్డు మీద షాపు ముందు దిగాం. అన్న ఒక పాత మోటారును ఒళ్లో పెట్టుకుని రాగితీగ చుడుతున్నాడు. తలెత్తలేదు. "చెప్పినవ్ గద. సల్లబడ్డదా నీ కడుపు?" అన్నాడు నాతో.

"అన్నా, కారెక్కు" అన్నాడు అమరేందర్.

"పనున్నది."

"ఏం పని?" నాకు మండిపోయింది. "ఆ మోటర్ హన్మంత్‌ది. ఆయన చేను ప్లాట్లయి ఏడాదైంది. నీళ్లు ఏడ తోడుతడు?"

అన్న తీగ చుడుతూనే ఉన్నాడు. అమరేందర్ ఆయన ముందు నేల మీద కూర్చుని పాదాలు పట్టుకుని చూశాడు. డాక్టరు చూపు వేరు. ఒక్కసారి నొక్కి వదిలేశాడు.

"ఇయ్యాల పోతే ఇంక టైమున్నది. ఆగితే ఉండదన్నా. పేపర్ ఫికర్ చెయ్యకు. అది వెనుకకు తీస్కుంటున్న. కొత్తది గుడ పంపుత లేను."

అన్న తీగ వదిలేశాడు. ఆయనకు కోపం రావడం నేను చాలా తక్కువసార్లు చూశాను.

"ఎవన్నడిగి తీస్కుంటవ్? గది నీ ఒక్కనిదా? నేను పదో తరగతి తప్పినోన్ని. మోటర్లు చుట్టుకుంట బతికిన. నా పెయ్యిల కెల్లి ఒక్క ముక్క తీసిస్తే అది పోయి దేశదేశాలోళ్లు చదివే ముచ్చటైంది. నా బతుకుల చెప్పుకోనీకి గదొక్కటే ఉన్నది. గది గుడ గుంజుకుంటవా?"

"అది అబద్ధం అన్నా."

"అయితేంది? ఎవనికి నష్టమైంది?"

 అన్న మళ్లీ మోటారు ఒళ్లోకి తీసుకున్నాడు. "నువ్వు పేపర్ పంపు. పంపినంక నీ యెనుక దవాఖానకు వస్త. పంపకపోతే రాను. గంతే."

మా అన్న మాటంటే మాటే. ఆ తర్వాత రోజులన్నీ బతిమాలడంతోనే గడిచాయి. వదిన మా ఇంటికొచ్చి అమరేందర్ ముందు చేతులు జోడించింది. "ఒక్క పేపరే గద, పంపియ్యరాదు? మనిషి దక్కుతడు" అంది. నేనూ అన్నాను. "పంపిన అని ఊకె చెప్పు. ఆయనకేమన్న ఇంగ్లీషొస్తదా, చూస్తడా?" వాడు రెండు మాటలకూ తల అడ్డంగా ఊపాడు. "అట్ల చెప్పుకుంట చెప్పుకుంటనే ఈడిదాంక వచ్చినమక్కా" అన్నాడు. వాడు చెప్పిందే సరైందని నాకు తెలుసు. అయినా వాడి మీద కోపమొచ్చింది. అటు చూస్తే అన్న కాళ్ల వాపు మోకాళ్ల దాకా పాకుతోంది. ఇద్దరిలో ఒక్కడైనా దిగిరాడేం అని దేవుడి పటం ముందు నిలబడి తిట్టుకున్నాను.

దావత్ రోజు రానే వచ్చింది. పొద్దున అందరూ వచ్చాక అమరేందర్ ఒక్క పద్ధతి మార్చాడు. పుచ్చుకున్నవాళ్లందరినీ భోజనాల గదిలోకి పంపి మధ్య తలుపులు వేయించాడు. పెద్ద రభసే అయింది. ఇచ్చినవాళ్లు ఆకలితో కూర్చుంటే పుచ్చుకున్నవాళ్లు ముందు తినడమా? కిడ్నీ ఇచ్చినవాళ్లలో రుక్మాబాయి అని ఒకామె ఉంది. అది పుచ్చుకున్న ఆమె తమ్ముడు బాలేష్ ప్లాట్ల వ్యాపారం మొదలుపెట్టి, మెడలో గొలుసు వేసుకుని తిరుగుతున్నాడు. "మా అక్కను ఇడిసిపెట్టి నేను తింటనా?" అని తలుపు దగ్గర మొండికేశాడు. నేను బడిపిల్లల్ని అదిలించినట్టు అదిలిస్తే లోపలికి పోయాడు.

హాల్లో ఇచ్చినవాళ్లు మాత్రమే మిగిలారు. అన్న వెనక వరసలో వదులు రబ్బరు చెప్పులతో కూర్చున్నాడు. పక్కనే వదిన. పేపరు వెళుతుందో లేదో చూసుకోవడానికి వచ్చాడాయన, మరి దేనికీ కాదు.

అమరేందర్ మైకు పక్కకు పెట్టి మామూలు గొంతుతో మాట్లాడాడు.

"ఇన్నేండ్లు మిమ్ముల ఎట్ల ఉన్నరని అడిగిన. అడిగిన తీరే తప్పు. తీసుకున్నోళ్లను పక్కన నిలబెట్టి అడిగిన. మీరు మంచిగున్నం అన్నరు, నేను రాసుకున్న. మీల కొందరు మంచిగ లేరు. నాకు ఒక్కరి సంగతి తెలిసింది. ఇంక ఎందరో తెల్వది. గందుకే ఆ పేపర్ తప్పని అచ్చేసిన పత్రికోళ్లకు చెప్పేసిన."

 నేను అన్న వైపు చూశాను. ఆయన మొహం నల్లబడిపోయింది. ఇక ఈయన దవాఖానకు రాడు అనుకున్నాను. 

ముందు వరసలో రుక్మాబాయి లేచింది. కూలికి పోయి పోయి చేతులు కాయలు కాసిన మనిషి. "సారూ, మేం బాగలేమంటే మా తమ్ములకు ఉసురు తగలదా?" అని అడిగింది.

 "నేను గుడ తీసుకున్నోన్నే అమ్మా" అన్నాడు అమరేందర్. "ఉసురు ఉన్నదో లేదో నాకు తెల్వది. నా పరీక్షల దొరికేది కాదది. నాకు తెలిసింది ఒక్కటే. వేరే దేశంల ఒక డాక్టర్ నాకు చెప్పిండు. ఆడ ఇటుకబట్టీల పనిచేసే మనిషి, తమ్మునికి కిడ్నీ ఇస్తనన్నడు. పెండ్లాం భయపడి వద్దని ఏడ్చింది. ఆ డాక్టర్ మన పేపర్ చూపిచ్చి, ఇబ్రహీంపట్నంల గిట్లనే కష్టం చేసేటోళ్లు మంచిగున్నరు, ఫికర్ చెయ్యకమ్మా అని చెప్పిండు. ఆమె నమ్మింది. ఆ మనిషి ఇచ్చిండు. ఇప్పుడు ఎట్లున్నడో తెల్వది. నా పేపర్‌ను ఎత్తి రాసిన ప్రతి జాగల గసుంటి దవాఖాన ఉన్నది. ఆ దవాఖానల ఒక అన్ననో అక్కనో మనల నమ్మి ఆపరేషన్ బల్ల ఎక్కింది. మీ మీద నాకు కోపం లేదు. మీరు ఇచ్చింది తప్పు కాదు. కానీ వాళ్లకు ఎవలు చెప్పాలె?"

 పక్క గదిలో ఎవరో మంచినీళ్లు అడుగుతున్నారు.

వెనక నుంచి అన్న లేచాడు. వదిన ఆసరా ఇవ్వబోతే చెయ్యి విడిపించుకున్నాడు. కుర్చీలు పట్టుకుంటూ, ఆగుతూ ఆగుతూ వచ్చి టేబుల్ ఎదుట కూర్చున్నాడు. ఆయాసం తగ్గేదాకా తమ్ముడి వైపు చూడలేదు.

"ఆ ఇటుకబట్టీ ఆయనకు పిల్లలున్నరా?" అని అడిగాడు.

"ఉన్నరన్నా."

అన్న తల పంకించాడు.  "అడుగు" అన్నాడు.

అమరేందర్ కలం తీశాడు.  అందరినీ అడిగినట్టే, వరస తప్పకుండా అడిగాడు.

"కాళ్ల వాపులున్నయా?"

"ఉన్నయ్."

"ఆయాసం?"

"ఉన్నది. షాపు మెట్లెక్కితే వస్తది. రాత్రి పండుకుంటే గుడ వస్తది."

"పని చేసుకుంటున్నరా?"

"చేసుకుంట లేను. షట్టర్ తీసి ఊకె కూసుంటున్న. రాస్కో."

వాడు రాసుకున్నాడు. అన్న ఆ రాసేదాని వైపు మెడ చాచి చూశాడు, ఇంగ్లీషు చదవడం వచ్చినట్టు.

"మళ్ల రాస్తవా? నిజందే?"

"రాస్త."

"మొదటోన్ని నన్నే పెట్టు. మొదట ఇచ్చినోన్ని నేనే గద."

"నిన్నే పెడుత. రేపు దవాఖానకు వస్తవా అన్నా?"

"వస్త."

నాకు ఏడుపు ఆగలేదు.  ఆఖరి ప్రశ్న ఒకటుంది. ప్రతి ఏడూ అడుగుతాడు, ఎవరూ దానికి జవాబు చెప్పగా నేను వినలేదు. అమరేందర్ దాన్నీ అడిగాడు.

"ఇంకేమన్న చెప్పేదున్నదా?"

అన్న తన పెద్ద చేతుల్ని టేబుల్ మీద పెట్టుకుని వాటినే చూసుకుంటూ కూర్చున్నాడు. వాడికి కిడ్నీ ఇచ్చిన రోజు కూడా స్ట్రెచర్ మీద పడుకుని జోకులేసిన మనిషి ఆయన.

"భయమైతుంది తమ్మీ" అన్నాడు.

అమరేందర్ కలం పక్కన పెట్టేసి టేబుల్ చుట్టూ తిరిగి వచ్చి అన్నను పట్టుకున్నాడు. అంతమంది ముందు ఇద్దరూ చిన్నపిల్లల్లా ఏడ్చారు. ఎవరూ తల తిప్పుకోలేదు.

కాసేపటికి రుక్మాబాయి లేచి వచ్చి అన్న కుర్చీ వెనక నిలబడింది. తలుపు మూసే ఉందా అని ఒకసారి అటు చూసుకుంది. తర్వాత వంగి, గొంతు తగ్గించి అంది.

"నాది గుడ రాస్కో సారూ. మా బాలేష్‌కు మాత్రం చెప్పకు."